ఘడీమే తోలా, ఘడీమే మాషా

‘ఘడీమే తోలా, ఘడీమే మాషా’ అని ఉర్దూలో ఒక ముహావరా. మన ఇళ్లల్లో నానీలు, దాదీలు ఇప్పటికీ వాడతారు. మిజాజ్ నిలకడగా లేని మనిషిని అలా అంటారు. తోలా అంటే దాదాపు 11.7 గ్రాములు. మాషా అందులో పన్నెండో వంతు, గ్రాముకు కాస్త తక్కువ. ఈ మాట ఒక యంత్రానికి అచ్చంగా సరిపోవడం నేను అమెరికాలో, కొలరాడో పహాడ్‌లలో చూశాను. రెండు మూడు మాషాల తేడాతో అక్కడ బండి కొండ ఎక్కుతుంది, లేదా మంచులో కూరుకుపోతుంది.

ఆ బండి పేరు స్నోమొబైల్. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు ట్రాక్. మా ఆపా కొడుకు డెన్వర్‌లో నౌకరీ చేస్తాడు. చలికాలం సెలవుల్లో గ్రాండ్ లేక్ అనే ఊరికెళ్లి దాన్ని నడుపుతాడు. ఫోటో చూసినప్పటి నుంచి కర్నూలులో ఆపాకు నిద్ర లేదు. నేను పని మీద అటు వెళ్తున్నానని తెలిసి హుకుం జారీ చేసింది: “వాడితో అది మాన్పించి రారా.”

నేను వెళ్లేసరికి మా భాంజా గెరాజ్‌లో కూర్చుని, క్లచ్ విప్పి, చిన్న తరాజూలో ఇనుప ముక్కలు తూస్తున్నాడు. “రేపు పైకి పోతున్నాం మామూ, వజన్ తగ్గించాలి” అన్నాడు.

స్నోమొబైల్‌కి గేర్లు మార్చే పని ఉండదు. మన ఆక్టివాలో లాగే ఒక బెల్టు, దానికి అటూ ఇటూ రెండు పుల్లీలు. వీటినే అక్కడ క్లచ్‌లంటారు. ఇంజన్ వైపు క్లచ్‌లో వెయిట్లు ఉంటాయి. వాడి బండిలో మూడు, ఒక్కొక్కటి 60, 70 గ్రాముల మధ్య. ఇంజన్ జోరు పెరిగేకొద్దీ అవి బయటికి విచ్చుకుని పుల్లీ పలకను నెడతాయి, బెల్టు పైకి జరుగుతుంది, పెద్ద గేరు పడినట్టు అవుతుంది. ఒక స్ప్రింగ్ వాటికి ఎదురు నెడుతుంటుంది. రెండో క్లచ్, ట్రాక్ మీద పడే బోఝ్‌ను బట్టి బెల్టును వెనక్కి తెస్తుంది. ఈ ఖీంచాతానీ అంతా ఒకే మక్సద్ కోసం: థ్రాటిల్ పూర్తిగా నొక్కినప్పుడు ఇంజన్ తన పూర్తి తాఖత్ ఇచ్చే వేగం దగ్గరే నిలబడాలి. వాడి ఇంజన్‌కు అది నిమిషానికి దాదాపు 8,000 చుట్లు.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజన్‌కు ప్రతి 1,000 అడుగులకూ సుమారు 3 శాతం తాఖత్ పోతుంది. మన కర్నూలు ఎత్తు దాదాపు 900 అడుగులు. గ్రాండ్ లేక్ 8,400 దగ్గర. అక్కడి కొండదారులు 11,000 దాటుతాయి. అంటే పైకి చేరేసరికి మూడో వంతు బలం గాయబ్. బండిలోని కంప్యూటర్ పలచని గాలికి తగ్గట్టు పెట్రోలు తగ్గిస్తుందే గానీ, పోయిన బలాన్ని తేలేదు. క్లచ్ వెయిట్లకైతే ఈ బులందీ సంగతే తెలియదు. కింద నెట్టినట్టే పైనా నెడతాయి. ఇంజన్ మోయలేక 7,500కి దిగుతుంది, ట్రాక్ మందగిస్తుంది, బండి నడుంలోతు మంచులో ఆగుతుంది. దీనికి ఇలాజ్, ఒక్కో వెయిట్‌లో రెండు మూడు గ్రాములు తగ్గించడం.

అదే తేలిక వెయిట్లతో కిందికొస్తే కథ ఉల్టా. ఇంజన్ హద్దు దాటి అరుస్తుంది, ఆ అరుపుకు తగ్గ పరుగు ఉండదు. మరి ఒకే రోజు కిందా పైనా తిరిగేవాడు ఏ ఎత్తుకు సెట్ చేసుకోవాలి? “బండికి ఎక్కువ కష్టం ఎక్కడో అక్కడికి” అన్నాడు భాంజా. పై కొండలకు సెట్ చేసుకుంటాడు, కింది దారుల్లో థ్రాటిల్ పూర్తిగా నొక్కడు.

మరునాడు బెల్టు వేడెక్కాక ఒకే వాలు మీద, ఒకే రకం మంచులో, కొన్ని క్షణాలు పూర్తిగా నొక్కి మీటర్ చూశాడు. ఎత్తు, చలి, మంచు, చుట్లు, అన్నీ కాపీలో రాసుకున్నాడు. ఒకసారికి ఒక్కటే మార్చాడు. వెయిట్ ముట్టుకుంటే స్ప్రింగ్ ముట్టుకోడు. మా అబ్బా లారీ మిస్త్రీ. ఒక్క స్క్రూ తిప్పి, చెవి పెట్టి విని, తర్వాతే ఇంకోటి తిప్పేవాడు. వీడు పుట్టకముందే అబ్బా పోయాడు.

ఇంత ఎహ్తియాత్ షౌక్ కోసమే కాదు. నిటారు వాలు మధ్యలో బండి ఆగితే దాన్ని తవ్వి తీయాలి. ఆ వాలు మీద మంచు కొండచరియలా జారితే మనిషి కింద ఉంటాడు. క్లచ్ ఎంత బాగా కుదిరినా ఆ ఖత్రా పోదు. అందుకే కొలరాడోలో చలికాలమంతా రోజూ మంచు జారుడు హెచ్చరిక వెలువడుతుంది, ఆకుపచ్చ నుంచి నలుపు దాకా ఐదు రంగుల్లో. భాంజా అది చూడకుండా బయల్దేరడు. సిగ్నల్ పంపే పరికరం ఒంటికి కట్టుకుంటాడు. పార, పొడవాటి కడ్డీ వీపు సంచీలో ఉంటాయి. ఒంటరిగా వెళ్లడు.

ఆపాకు ఫోన్‌లో అంతా చెప్పాను. ఖత్రా లేదని మాత్రం అనలేదు, అంటే అబద్ధం అవుతుంది. మాన్పించలేదని కూడా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. మిస్త్రీ కూతురు కదా, చివరికి ఒకటే అడిగింది: “వజన్ తీసింతర్వాత ఎక్కిందా?” ఎక్కిందన్నాను.

ఇప్పుడు శనివారం పొద్దున వాడు లేవగానే కర్నూలు నుంచి ఫోన్ పోతుంది. సలాం అయిన వెంటనే ఆపా అడిగేది, “ఈరోజు ఏం రంగు బేటా?” నారింజ అంటే ఆమె జవాబు రెడీగా ఉంటుంది: “అయితే ఇంట్లోనే ఉండి బిర్యానీ వండుకో.”