గాజు పొయ్యికి పాకం పడదు

అమెరికాలో అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకున్న తెలుగువాళ్లలో చాలామందికి వంటింట్లో నున్నటి నల్ల గాజు పలక ఎదురవుతుంది. మంట కనిపించదు. నాబ్ తిప్పితే పలక కింద తీగ ఎర్రబడుతుంది, ఆరిపోతుంది, మళ్లీ ఎర్రబడుతుంది. కొత్తగా వచ్చిన అత్తగారు "కరెంటు పోయి వస్తోందా ఏమిటే?" అంటే ఆవిడ తప్పేం లేదు. సెగ తగ్గించడమంటే ఈ పొయ్యికి తీగ వెలిగి ఉండే సమయం తగ్గించడమే. పెద్ద సెగ పెట్టినా, గాజు మరీ వేడెక్కితే అదే ఆపేసుకుంటుంది.

పలక మామూలు గాజు కాదు. 1953లో కార్నింగ్ కంపెనీలో డోనాల్డ్ స్టూకీ ఒక గాజు ముక్కను 600 డిగ్రీల దగ్గర కాల్చబోతే, కొలిమి అదుపు తప్పి 900 దాకా పోయింది. కరిగి ముద్దవ్వాల్సిన గాజు తెల్లగా గట్టిపడింది. పట్టుకారు నుంచి జారి నేల మీద పడ్డా పగల్లేదు. ఆ వంశంలోదే మన పలక. వేడికి సాగదు, చల్లదనానికి ముడుచుకోదు. చిలీలో పరనాల్ కొండ మీదున్న 8.2 మీటర్ల టెలిస్కోపు అద్దాలూ ఈ జాతివే. నక్షత్రాలు చూసే సరుకు మీద మనం ముద్దపప్పు ఉడికిస్తున్నామన్నమాట.

అంత గట్టి పలకకూ బెల్లం గిట్టదు. పాలు పొంగినా, చారు ఒలికినా చల్లారాక తీరిగ్గా తుడుచుకోవచ్చు. అరిసెల పాకం ఒలికితే మాత్రం ఆగకూడదు. పాకం చల్లారేకొద్దీ ముడుచుకుంటుంది, గాజు ముడుచుకోదు. పట్టు వదలని పాకం ఊడుతూ ఊడుతూ గాజు పెచ్చును కూడా లాక్కుపోతుంది. ఆ గుంటను పూడ్చే పొడి ఏదీ లేదు. అందుకే వెంటనే స్టవ్ కట్టేసి, గిన్నె పక్కకు దించి, చేతికి మందపాటి గ్లవ్ తొడుక్కుని, బ్లేడు స్క్రేపర్‌ను దాదాపు పడుకోబెట్టి, వేడి మీదే పాకాన్ని చల్లటి వైపుకి గీకేయాలి. పండగ పూట ఆ స్క్రేపర్ సొరుగు అడుగున ఉంటే లాభం లేదు, గరిటెల పక్కనే ఉండాలి.

అల్యూమినియం గిన్నె ఈడిస్తే బూడిదరంగు చార పడుతుంది. అది గీత కాదు, అంటుకున్న లోహం. సిరామిక్ క్లీనర్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. కంగారుపడి స్టీలు పీచు అందుకుంటేనే అసలు గీతలు పడేది. నీటి మరకలకు కాస్త వెనిగర్ చాలు. సూట్‌కేసులో మోసుకొచ్చిన గుండ్రటి మూకుడు మధ్యలో ఒక్కచోటే ఆనుతుంది గనక దాంట్లో పోపు పెట్టాలంటే ఓపిక కావాలి. అడుగు చదునుగా ఉన్నది కొనుక్కోవడమే నయం.

వంకాయ మాత్రం ఈ పొయ్యి మీద కాలదు. ఓవెన్‌లో బ్రాయిలర్ కింద పెట్టి తిప్పుతూ ఉంటే తొక్క నల్లబడుతుంది, గుజ్జు మెత్తబడుతుంది, పచ్చడీ అవుతుంది. కాలిన వాసనే సగానికి సగం తగ్గుతుంది.