జబ్బు లేకుండా పట్నం

పల్లెల్లో ఉండే మనవంటి కుటుంబాలకు పట్నం అంటే ఆసుపత్రి. కాకపోతే కోర్టు, లేదా పిల్లవాడికి కాలేజీలో సీటు. ఏ పనీ లేకుండా, ఎవరికీ జబ్బు లేకుండా నాలుగు రోజులు పట్నంలో ఉండి వద్దామని బయలుదేరేవారు మన సంఘములలో అరుదు. బుధవారం ప్రార్థన కూటంలో "రేపు హైదరాబాదు వెళ్తున్నామండి, మా ప్రయాణం కొరకు ప్రార్థించండి" అని మేము చెప్పగానే పాస్టరమ్మగారు కంగారుపడి "ఎవరికి బాగాలేదు?" అని అడిగారు. "అందరం బాగానే ఉన్నామమ్మగారూ, పాపకు ఊరు చూపించడానికి" అంటే కొందరు నవ్వారు. ఇంట్లో నాయనమ్మ మాత్రం నవ్వలేదు. "పత్తి డబ్బులు చేతికొచ్చి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే బరువయినయా?" అన్నది.

ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. అయినా మాకు ఒక కారణం ఉన్నది. పాపకు అప్పటికి నాలుగేళ్ళు. రెండేళ్ళ వయసులో గుండెకు శస్త్రచికిత్స జరిగి, హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఉన్నది. దేవుని కృపను బట్టి, డాక్టర్ల శ్రమను బట్టి బాగుపడింది. అయితే ఏటా జూన్ నెలలో ఒకసారి తీసుకువచ్చి చూపించమన్నారు. మొదటిసారి పరీక్షకు తీసుకుపోయినప్పుడు రైలు దిగగానే ఏడుపు మొదలుపెట్టింది. ఎకో తీసేటప్పుడు ముగ్గురు పట్టుకోవలసి వచ్చింది. ఆమెకు తెలిసిన హైదరాబాదు అంత మట్టుకే: తెల్లకోటు, సూది, రాత్రంతా ఆర్పని లైటు. దానికి తోడు అన్నం తినకపోతే "హైదరాబాదు పంపిస్తా" అని బెదిరించే పెద్దలు వాడకట్టులో ఉండనే ఉన్నారు. ఇంకా ఎన్నో ఏళ్ళు ఆ ఊరికి రావలసిన బిడ్డ. ఆ ఊళ్ళో సూది కాక ఇంకా ఏమేమి ఉన్నాయో ముందుగా చూపించాలని మేమిద్దరం ప్రార్థన చేసుకొని నిశ్చయించుకొన్నాము.

జనవరి నెలాఖరు. ఎండలు ముదరలేదు, చలి విరిగింది. చిన్నపిల్లలతో హైదరాబాదు చూడటానికి మా ఎరుకలో ఇదే మంచి కాలం. ఖమ్మంలో ఉదయపు రైలు ఎక్కాము. ఐదేళ్ళలోపు పిల్లలకు విడిగా సీటు అడగకపోతే రైలులో టిక్కెట్టు అక్కరలేదు. ఒడిలో కూర్చోబెట్టుకొన్నాము గాని, ఆమె కూర్చుంటే గదా. కిటికీ దగ్గరే నిలబడింది. డోర్నకల్ వచ్చినప్పుడు, మన దేశస్థులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అజరయ్యగారు ఈ ఊరిలోనే ఉండేవారనీ, ఆయన కట్టించిన పెద్ద దేవాలయం 1939లో ప్రతిష్ఠ జరిగిందనీ చెప్పబోయాము. ఆమె ప్లాట్‌ఫారం మీద జామకాయలమ్మే ముసలామెను చూస్తున్నది. సరే, జామకాయలు కొన్నాము. కాజీపేట, జనగామ దాటి భువనగిరి రాగానే ఆ ఒంటిరాతి గుట్ట కనిపించింది. "ఏనుగు పడుకున్నది" అని ఆమే మాకు చూపించింది. సికింద్రాబాదు దగ్గర పడుతున్నకొద్దీ మాటలు తగ్గాయి. దిగేముందు ఒకే ప్రశ్న అడిగింది: "సూదేస్తారా?"

"ఈసారి వెయ్యరు" అన్నాము. "ఎప్పుడూ వెయ్యరు" అని చెప్పడం సులువు. అప్పటికి ఊరుకొంటుంది కూడా. కాని జూన్‌లో ఆ మాట అబద్ధమవుతుంది. "ఈసారి" అన్న మాటను ఆ నాలుగు రోజుల్లో చాలాసార్లు అనవలసి వచ్చింది.

సికింద్రాబాదులో మా ఊరి అన్నయ్య, వదిన కాపురముంటున్నారు. వారింట్లోనే దిగాము. మాకు ఏమేమి చూపించాలో అన్నయ్య కాగితం మీద రాసి పెట్టాడు: చార్మినార్, గోలకొండ, జూ, సాలార్‌జంగ్ మ్యూజియం, ట్యాంక్‌బండ్, ప్లానిటోరియం, నాంపల్లిలో నుమాయిష్. నుమాయిష్ 1938 నుండి జరుగుతున్న పేరుపొందిన ఎగ్జిబిషనే. కాని ఆ జనంలోకి నాలుగేళ్ళ పిల్లను తీసుకుపోవడానికి మాకు ధైర్యం చాలలేదు. వదిన కాగితం తీసుకొని సగం కొట్టివేసింది. "పూటకు ఒకటి చాలు. మధ్యాహ్నం పిల్ల పడుకోవాలి" అన్నది. ఇద్దరు పిల్లలను పెంచిన ఇల్లాలు చెప్పిన మాట ఏ గైడు పుస్తకం కన్నా ఎక్కువ ఉపయోగపడింది.

శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియంకు సెలవు, సోమవారం జూకు సెలవు. అందుచేత శుక్రవారం పొద్దున్నే జూకు బయలుదేరాము. బహదూర్‌పురాలో మీరాలం చెరువు పక్కన, 380 ఎకరాలలో ఉన్నది నెహ్రూ జూపార్కు. 1963లో ప్రజలకు తెరిచారు. మన పల్లె లెక్కలో ఒక పెద్ద ఆయకట్టంత స్థలం. అంతా నడిచి చూడాలంటే పెద్దలకే కాళ్ళు పడిపోతాయి. లోపల బ్యాటరీ బండ్లున్నాయి, పిల్లల రైలు ఉన్నది. తెల్లవారిన కొత్తలో జంతువులు మెలకువగా ఉంటాయి, ఎండ ఎక్కితే నీడకు పోయి పడుకొంటాయి. అందుకని పొద్దున్నే వెళ్ళడం మంచిది.

పులిని చూసి అబ్బురపడుతుందనుకొన్నాము. ఒకసారి చూసి, "పడుకున్నది" అని ముందుకు నడిచింది. నీటిగుర్రం దగ్గర మాత్రం కదలలేదు. మడుగులో వీపు మాత్రమే పైకి కనిపిస్తున్నది. "మన బర్రె లెక్కనే ఉన్నది. కొమ్ములేవి? పాలెవరు పిండుతరు?" అని వరుసగా అడిగింది. పక్కన నిలబడ్డ పట్నం పిల్లలు ఇద్దరు ఆమె వంక వింతగా చూశారు. వారికి నీటిగుర్రం తెలుసు, బర్రె అంతగా తెలియదు. ఆ తరువాత జింకలకు గడ్డి వేస్తున్న పనివాని వెంట చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. మేము చూడవలసినవి ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. వదిన మాట జ్ఞాపకం వచ్చి తొందర పెట్టలేదు. చెట్టు కింద కూర్చొని వెంట తెచ్చిన పెరుగన్నం, సకినాలు తిన్నాము. పిల్లల రైలు రెండుసార్లు ఎక్కింది. సగం జూ చూడకుండానే తిరిగి వచ్చాము.

శనివారం మ్యూజియం. సికింద్రాబాద్ వెస్ట్ స్టేషన్‌లో మెట్రో రైలు ఎక్కితే ఎం.జి.బి.ఎస్. వరకు నేరుగా పోవచ్చు. అక్కడినుండి ఆటోలో మ్యూజియం దగ్గరే. హైదరాబాదులో మెట్రో 2017 నవంబరులో మొదలయింది, ఈ మార్గం 2020లో వచ్చింది. స్టేషన్‌లో నడిచే మెట్లు చూసి పాప ఆగిపోయింది. ఎత్తుకొంటామంటే వద్దన్నది. పక్కనే నిలబడి ఒక్కొక్క మెట్టు పుట్టి పైకి పోవడం బాగా పరిశీలించి, మా చెరొక వేలు పట్టుకొని కాలు పెట్టింది. పైకి చేరి, "మళ్ళీ" అన్నది. మళ్ళీ కిందికి దిగి మళ్ళీ ఎక్కాము. ఆ దారిలో పోయేవారు విసుక్కోలేదు, వారికి మా వందనాలు.

రైలు కదిలిన తరువాత జరిగిన సంగతి మేము ఎదురుచూడనిది. సికింద్రాబాద్ వెస్ట్ తరువాత వచ్చే స్టేషన్ పేరే గాంధీ హాస్పిటల్. మైకులో ఆ మాట వినబడగానే పాప ముఖం మారిపోయింది. పాప ఉన్న ఆసుపత్రి అది కాదు. ఆమెకు ఆ తేడా ఏమి తెలుసు? హాస్పిటల్ అన్న మాట చాలు. మా చీర కొంగులో ముఖం దాచుకొన్నది. మాకూ గొంతు పట్టుకొన్నది. తలుపులు తెరుచుకొన్నాయి. కొందరు దిగారు, కొందరు ఎక్కారు. ఎక్కినవారిలో ఒక ముసలాయన చేతిలో ఎక్స్‌రే కవరు ఉన్నది, ఆయన వెంట వచ్చిన మనుమడు పాప కన్నా చిన్నవాడు, అరటిపండు తింటున్నాడు. తలుపులు మూసుకొన్నాయి. రైలు కదిలింది. పాప కొంగులోంచి ఒక కన్ను తీసి చూసి, "మనం దిగలే?" అన్నది. "దిగలేదమ్మా. ఈసారి మనం దిగేది అక్కడ కాదు" అన్నాము. ముషీరాబాద్ వచ్చేసరికి ఆ పిల్లవాడి అరటిపండు ఎంత మిగిలిందో లెక్కపెడుతూ ఉన్నది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నవన్నీ ఎక్కువ భాగం మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కూడబెట్టినవి. 1951లో ఆయన నివాసమైన దివాన్ దేవిడీలో తెరిచి, 1968లో ఇప్పుడున్న భవనానికి మార్చారు. అన్నీ చూడాలంటే రెండు రోజులు కావాలి. పిల్లతో పోయేవారికి మేము చెప్పేది రెండే చూడమని. ఒకటి గడియారం. ఆ గడియారంలో ఒక బొమ్మ సుత్తితో కొడుతూ క్షణాలు లెక్కపెడుతూ ఉంటుంది. గంట కాగానే చిన్న తలుపు తెరుచుకొని ఇంకొక గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండుకు ముందే జనం చేరి కూర్చుంటారు, ఆ వేళకు పన్నెండు దెబ్బలు గదా. పాప అన్నయ్య భుజం మీద కూర్చొని లెక్కపెట్టింది. అంగన్‌వాడిలో నేర్చినది పది వరకే. పదకొండు, పన్నెండు చుట్టూ ఉన్నవారు చెప్పారు. బొమ్మ లోపలికి పోయిన తరువాత సుత్తి బొమ్మను చూపించి "ఆ కమ్మరాయన అన్నం తినడా?" అని అడిగింది. జవాబు ఎవరికీ తోచలేదు.

రెండవది ముసుగు వేసుకొన్న రిబ్కా పాలరాతి విగ్రహం. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కినది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. ఆదికాండము 24వ అధ్యాయం చదివినవారికి ఆ ముసుగు సంగతి చెప్పనక్కరలేదు. ఒంటె దిగి, దూరాన నడిచి వస్తున్నవాడు ఇస్సాకు అని తెలిసి ముసుగు వేసుకొన్న ఘడియ అది. రాతినే పలుచని బట్టలా చెక్కాడు, లోపల ముఖం కనిపిస్తుంది. మేము చాలాసేపు నిలబడిపోయాము. ఆదివారపు బడిలో ఆ కథ విన్నది గనుక పాప చుట్టూ వెతికి, "ఒంటెలేవి?" అన్నది. ఒంటెలకు నీళ్ళు చేదిపోసిన అమ్మాయిగానే ఆమెకు రిబ్కా తెలుసు. ఒక విధంగా ఆమె అడిగినదే కథలో పెద్ద భాగం.

చార్మినార్ దగ్గరే గనుక సాయంత్రం బయటినుండి చూశాము. 1591లో కట్టినది. జనం, గాజుల దుకాణాలు, ఆటోలు. పైకి ఎక్కలేదు. ఇరానీ హోటలులో మేము చాయ్ తాగాము, పాప ఉస్మానియా బిస్కెట్లు నాలుగు తిన్నది. అక్కడి జనాన్ని గురించి ఒక మాట చెప్పాలి. పండ్రెండేళ్ళ యేసుప్రభువు తోటి ప్రయాణికుల గుంపులో ఉన్నాడనుకొని మరియ, యోసేపులు ఒక దినప్రయాణం సాగిపోయిన సంగతి లూకా సువార్తలో చదువుతాము. "నీ దగ్గర ఉన్నదనుకొన్నా" అన్న మాట ఎప్పుడు పుడుతుందో అప్పుడే పిల్ల తప్పిపోతుంది. మేము బయలుదేరే ముందే మా ఫోను నంబరు, అన్నయ్య నంబరు చీటీ మీద రాసి పాప గౌను జేబులో పిన్నీసుతో పెట్టాము. గంట గంటకు పిల్ల ఎవరి వంతో నోటితో చెప్పుకొని చేయి మార్చుకొన్నాము. ఇంకెవరైనా తీసుకుపోతే ఇది చేయండి, ఖర్చు లేని పని.

ఆదివారం అన్నయ్యవాళ్ళ సంఘములో ఆరాధనకు వెళ్ళాము. దారిలో 1813లో కట్టిన సెయింట్ జాన్స్ దేవాలయాన్ని బయటినుండి చూశాము. ఆరాధన తరువాత ఒక అక్కగారు పాపను దగ్గరకు తీసుకొని మాట్లాడింది. ఆమె పెద్దాసుపత్రిలో నర్సు అట. ఆదివారం చీర కట్టుకొని, పక్కన కూర్చొని పాట పాడినామె నర్సని తెలిసి పాప నమ్మలేదు. "తెల్లబట్టలేవి?" అని అడిగింది. "ఇంట్లో ఉతికి ఆరేసినా బిడ్డా" అన్నదామె. పాప దాని గురించి రాత్రి దాకా ఆలోచించింది. నర్సుకు ఇల్లు ఉంటుందా, ఆమె బట్టలు ఎవరు ఉతుకుతారు, ఆమెకు అమ్మ ఉన్నదా.

సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద గాలికి కూర్చొన్నాము. హుస్సేన్‌సాగర్ పదహారవ శతాబ్దంలో తవ్విన చెరువు. నీళ్ళ మీదినుండి వాసన వస్తుంటే పాప ముక్కు మూసుకొని, "ఇంత పెద్ద చెరువు కింద పొలాలేవి?" అన్నది. నగరంలో ఉన్నవారికి ఇది తట్టే ప్రశ్న కాదు. ఆ కట్ట కింద ఇప్పుడున్నవి రోడ్లు, మేడలు.

సోమవారం మధ్యాహ్నపు రైలుకు బయలుదేరి రాత్రికి ఇల్లు చేరాము. నాయనమ్మ ఒడిలో కూర్చొని పాప చెప్పిన మొదటి సంగతి పులి కాదు, గడియారం కాదు. "అక్కడ మెట్లే నడుస్తయ్, మనం నిలబడాలె" అన్నది. నాయనమ్మ నమ్మలేదు.

జూన్‌లో మళ్ళీ పరీక్షకు వెళ్ళాము. ముందు రోజే చెప్పాము, "ఈసారి సూది ఉన్నది" అని. రాత్రి కొంచెం ఏడ్చింది. స్టేషన్‌లో దిగినప్పుడు ఏడవలేదు. ఎకో గదిలో మంచం మీద తానే ఎక్కి పడుకొన్నది. రక్తం తీసినప్పుడు మాత్రం గట్టిగా అరిచింది, సూది సూదే గదా. ఆ చేతికి దూది అద్దుతున్న నర్సమ్మను కళ్ళు తుడుచుకొంటూ, "మీ ఇల్లెక్కడ?" అని అడిగింది. ఆమె ఉప్పల్ అన్నది. "మెట్రోల పోతవా?" అని మా పాప.