ఆరని పరుపు వాసన

"కార్ల సంగతి నీకేం తెలుసు?" అన్నారు మావారు. నిజమే, తెలియదు. కానీ తలుపు తీయగానే సెంటు చాటునుంచి గుప్పుమన్న వాసన మాత్రం తెలుసు. వానాకాలంలో ఆరని పరుపు వాసనండీ అది!

2021లో నా చీటీ డబ్బుతో కొన్న సెకండ్‌హ్యాండ్ కారది. వెనక డిక్కీ, లోపల చోటు, అత్తయ్యగారు కాళ్లు చాపుకోవచ్చని మురిసిపోయాం. మూడు నెలలు బాగానే తిరిగింది. తర్వాత ఒకరోజు అద్దాలు దిగవు, ఇంకోరోజు లైట్లు వెలగవు. చివరికి అత్తయ్యగారిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే అర్ధరాత్రి నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లాం. ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మెకానిక్ అబ్బాయి సీటుబెల్టు చివరికంటా లాగి చూపించాడు. లోపల దాగిన భాగమంతా ఎండిన బురద చారలు! స్టెపినీ కింద గుంటలోనూ ఒండ్రే. "2020 అక్టోబరు వరదల్లో మన హైదరాబాదులో మునిగిన బండి అయ్యుంటుందమ్మా. ఇంజను బాగానే ఉంది. వైర్ల జాయింట్లు లోపల్లోపల తుప్పు పడుతున్నాయి" అన్నాడు. మావారేమో మీటరు, రంగు చూసి మోసపోయారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పి సగం ధరకి వదిలించుకున్నాం. మొన్న ఇంకో కారు చూడబోతూ, "ముందు నువ్వెక్కి వాసన చూడవే" అన్నారు. స్టవ్ ఆపేసి బయల్దేరాను.