వెనక గదికి చేరిన మాట

పిల్లలూ!

మీ ఇంట్లో ఏదో ఒక గదిలో నెట్ సరిగా రాదు గదా? ముందు గదిలో పాఠం చక్కగా వినిపిస్తుంది. వెనక గదిలోకి వెళ్లగానే తెరమీద మాస్టారు నోరు తెరిచి అలాగే నిలిచిపోతారు. అప్పుడు మీరు "నెట్ బాగాలేదు" అనేసి ఊరుకుంటారు. నేనూ అలాగే అన్నాను. ముప్పయ్యేళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, అయినా అలాగే అన్నాను! ఏడో తరగతి చదివే మా మనవరాలు నాకు అసలు సంగతి చూపించింది. ఎలాగో చెబుతాను, వినండి.

మాది పర్చూరు ప్రక్కన ఒక పల్లె. చుట్టూ నల్లరేగడి నేలలు; పత్తి, మిరప మా పంటలు. మా తాతగారు కట్టించిన పెంకుటింట్లోనే ఇప్పటికీ ఉంటున్నాము. గోడలు మూరెడు మందం. ఇల్లు రైలుపెట్టెలాగా పొడుగ్గా ఉంటుంది. ముందు వీధి వసారా, తరువాత సావడి, ఆ తరువాత నడిమిల్లు, వంటిల్లు, చిట్టచివర దొడ్డివైపు గది. వీధి స్తంభం మీదినుంచి వచ్చిన కేబులు వసారాలో ఆగిపోయింది. మోడెమ్ కూడా అక్కడే గోడకు బిగించి ఉన్నది.

కిందటి సంక్రాంతి వెళ్లిన తరువాత మా ఇంటావిడ మిరప కల్లంలో కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయింది గాని, కొన్ని వారాలపాటు మంచం దిగరాదన్నారు. గాలీ వెలుతురూ ఉంటాయని దొడ్డివైపు గదిలో ఆమెకు మంచం వేశాము. సరిగ్గా ఆ రోజుల్లోనే డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి కొడుకు పుట్టాడు. మనకు ఉదయం 7 గంటలైతే, చలికాలంలో డల్లాస్‌లో అంతకుముందు రోజు రాత్రి 7.30 అవుతుంది. ఆ వేళకు అమ్మాయి ఫోను చేసి పిల్లవాణ్ణి చూపించేది. కాని వెనక గదిలో బొమ్మ కదిలేది కాదు.

ఒకరోజు మా ఇంటావిడ, "ఏమండీ, వాడు నవ్వాడట. అమ్మాయి చెప్పింది. నాకు మాత్రం కనబడలేదు" అన్నది.

ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను. గుంటూరు వెళ్లి, "మెష్" అని అమ్మే రెండు పెట్టెలు కొనుక్కొచ్చాను. మెష్ అంటే వల. ఒక పెట్టె మాటను మరో పెట్టె అందుకుని ఇల్లంతా పరుస్తుందన్నమాట.

మోడెమ్‌ను తీసి పారేయనక్కరలేదు. దాని పని దానికి ఉన్నది. మన ఊళ్లలోకి వచ్చే సన్నని గాజు తీగలో మాట వెలుతురు రూపంలో ప్రయాణం చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి తీగలను కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు లాగారు. ఆ ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. తీగ వెంట వచ్చిన వెలుతురును మన ఫోన్లకూ కంప్యూటర్లకూ తెలిసే విద్యుత్ సంకేతాలుగా మార్చేది ఆ మోడెమే. నేను మొదటి పెట్టెను చిన్న తీగతో మోడెమ్‌కు కలిపాను. ఫోనులో వచ్చిన సూచనల ప్రకారం దానికి ఒక పేరూ, ఒక రహస్యపదమూ పెట్టాను. పుట్టినతేదీ, పిల్లల పేర్లు రహస్యపదంగా పెట్టకూడదు సుమా! ఊరందరికీ తెలిసినది రహస్యం ఎలా అవుతుంది?

ఇక రెండో పెట్టె. దాన్ని తీసుకెళ్లి మా ఇంటావిడ మంచం ప్రక్కనే బల్లమీద పెట్టాను. ఎక్కడ నెట్ లేదో అక్కడే పెట్టాలి గదా అనుకున్నాను. ఫోనులో గీతలన్నీ నిండుగా వెలిగాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తెల్లవారి 7 గంటలకు ఫోను వచ్చింది. గీతలు నిండుగానే ఉన్నాయి. పిల్లవాడి బొమ్మ మాత్రం కదలలేదు!

"దుకాణంవాడు పనికిరాని సరుకు అంటగట్టాడు" అని నేను చిరాకుపడ్డాను. మా మనవరాలు ఆ పెట్టె వంక కాసేపు చూసి, "తాతయ్యా, ఇది నాయనమ్మ ఫోనుకు చెబుతున్నది, సరే. మరి దీనికి ఎవరు చెబుతున్నారు?" అని అడిగింది.

చూశారా ప్రశ్న! నాకు ఒక్క క్షణం జవాబు తోచలేదు.

మిరప కల్లాలు మీరు చూసే ఉంటారు. కోసిన కాయలను పొలంలోనే ఆరబోసి, దొంగల భయంచేత రాత్రిళ్లు కాపలా ఉంటారు. ఈ చివర కల్లంలో ఉన్నవాడు ఆ చివర కల్లానికి ఏదైనా కబురు చెప్పాలనుకోండి. కేక అంత దూరం వెళ్లదు. మధ్య కల్లంలో ఉన్నవాడు విని, తిరిగి కేక వేయాలి. ఆ మధ్యవాడు ఎక్కడ ఉండాలి? ఇద్దరికీ నడుమ, మొదటి కేక స్పష్టంగా వినిపించే చోట ఉండాలి. వాణ్ణి తీసుకెళ్లి చివరివాడి ప్రక్కనే కూర్చోబెడితే ఏం లాభం? చివరివాడికి వాడి గొంతు బ్రహ్మాండంగా వినిపిస్తుంది. కాని చెప్పడానికి వాడిదగ్గర కబురే ఉండదు!

నేను చేసింది సరిగ్గా అదే. ఫోనులో కనబడే గీతలు, దగ్గరున్న పెట్టె ఎంత గట్టిగా పలుకుతున్నదో మాత్రమే చెబుతాయి. ఆ పెట్టెకు వెనకనుంచి ఎంత అందుతున్నదో చెప్పవు.

మనవరాలు నోటుపుస్తకంలో మా ఇంటి పటం గీసింది. రెండో పెట్టెను ఆపేసింది. ఫోను పట్టుకుని ఒక్కొక్క గదిలో నిలబడి మూడేసి సార్లు వేగం కొలిచి, సరాసరి కట్టింది. సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని ఆ లెక్క. వసారాలో 92, సావడిలో 70, నడిమింట్లో 41 వచ్చాయి. వంటింట్లో 9, వెనక గదిలో 2 మాత్రమే!

"నడిమింటికీ వంటింటికీ మధ్యనే ఏదో మింగేస్తున్నది తాతయ్యా" అన్నది.

వెళ్లి చూశాము. ఆ గోడకు ఆనించి మా ఇనప బీరువా! గోడ అవతల ఫ్రిజ్!

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పుకోవాలి. వైఫై పెట్టెనుంచి వచ్చేవి రేడియో తరంగాలు. వెలుతురుకు చుట్టాలే, సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతాయి. అవి కంటికి కనబడవు. 1895లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశ్ చంద్ర బోసు ఇటువంటి తరంగాలను గోడల గుండా పంపి, దూరాన ఒక గంట మోగించి చూపించాడు. మన ఇళ్లలోని పెట్టెలు ముఖ్యంగా రెండు రకాల తరంగాలు వాడతాయి. ఒకటి సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు ఊగుతుంది. దాని పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. రెండోది 500 కోట్ల సార్లకు పైగా ఊగుతుంది. దాని పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. మన గుంటూరు సన్నం మిరపకాయల్లో పొడుగువీ పొట్టివీ ఉండవూ, అలాగన్నమాట. పొడుగు తరంగం గోడలను కాస్త బాగా దాటుతుంది. పొట్టి తరంగం ఎక్కువ కబురు మోస్తుంది గాని గోడల దగ్గర త్వరగా అలిసిపోతుంది.

ఇనుము ఈ తరంగాలను అద్దంలాగా వెనక్కు కొడుతుంది. నీరు వాటిని పీల్చుకుంటుంది. తడిసిన గోడా, నిండు నీళ్ల తొట్టీ వాటికి అడ్డే. ఎండిన కర్ర తలుపు అంత అడ్డు కాదు. మా సావడిలో ధర వచ్చేదాకా ఉంచిన పత్తి నిలువెత్తున ఉన్నది. దానివల్లనేమో అని నేను అనుమానపడ్డాను. కాని పొడిపత్తి నిండా గాలే గదా. దానిలోనుంచి తరంగం సులువుగా దూరిపోయింది. అందుకే సావడి దాటినా నడిమింట్లో 41 వచ్చింది.

మనవరాలు రెండో పెట్టెను తెచ్చి నడిమింట్లో, వంటింటి గుమ్మానికి ఎదురుగా ఉన్న గూట్లో పెట్టింది. గూడు మనిషి ఎత్తున ఉన్నది. గుమ్మంలోనుంచి దారి తిన్నగా ఉన్నది. మేము బీరువాను ప్రక్క గోడకు జరిపాము. అప్పుడు వెనక గదిలో మళ్లీ కొలిచింది. 24! గీతలు మాత్రం మునుపటికంటే ఒకటి తగ్గాయి. గీత తగ్గినా మాట పెరిగింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మరి నడిమింటి 41 వెనక గదికి వచ్చేసరికి 24 ఎందుకయింది? మధ్య కల్లం మనిషి వినడమూ, తిరిగి అరవడమూ ఒకేసారి చేయలేడు గదా? గాలిలోనే అందుకుని గాలిలోనే పంపే పెట్టెకు కొంత వేగం అలా ఖర్చవుతుంది. మధ్యలో గోడ కొంత మింగుతుంది. రెండు పెట్టెలనూ తీగతో కలిపే వీలుంటే అంతకంటే మంచిది లేదు.

ఇంకొక చిక్కు మిగిలింది. ఫోనులోని పిల్లవాడి ఫొటోలు సావడిలోని టీవీకి వెళ్లలేదు. కారణం ఏమిటంటే, ఇంట్లో ఒక్కొక్క పరికరానికి ఒక నంబరు చిరునామాగా ఉంటుంది. ఆ చిరునామాలు పంచే పని మోడెమ్ చేస్తున్నది. నేను తెచ్చిన మొదటి పెట్టె కూడా అదే పని మొదలుపెట్టింది. టీవీ మోడెమ్ లెక్కలో, ఫోను పెట్టె లెక్కలో పడ్డాయి. ఒకే ఇంట్లో ఉండి వేరువేరు ఊళ్లలో ఉన్నట్టు అయింది! మా ఇల్లు కూడా అంతే: 1970 దాకా గుంటూరు జిల్లా, తరువాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. ఇల్లు కదలలేదు, చిరునామాలే మారాయి. కాని ఒకే సమయంలో రెండు జిల్లాలు మాదంటే మాదంటే ఉత్తరం ఎలా చేరుతుంది? అందుచేత పెట్టెను "యాక్సెస్ పాయింట్" అనే పద్ధతికి మార్చాము. చిరునామాలు పంచడం మోడెమ్‌కే వదిలేశాము. మోడెమ్‌లోని వైఫైని ఆపేసి, టీవీనీ ఫోన్లనీ పెట్టెల పేరుతోనే కలిపాము. అన్నీ ఒక ఊరివయ్యాయి. మోడెమ్‌కూ రెండు పెట్టెలకూ ఇన్వర్టరు తీగ కూడా ఇచ్చాము. కరెంటు పోయినప్పుడు వాటిలో ఏ ఒక్కటి ఆగినా వెనక గదికి మాట చేరదు మరి.

మర్నాడు ఉదయం 7 గంటలకు ఫోను మోగింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మా ఇంటావిడ ఫోను దగ్గరగా పెట్టుకుని, "బోసినోటితో నవ్వుతున్నాడండీ!" అన్నది. తరువాత చాలాసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు.

పిల్లలూ, ఆ రోజు నాకు మరొకటి జ్ఞాపకం వచ్చింది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, చివరి బెంచీలో ఒక కుర్రాడు కూర్చునేవాడు. ఉక్తలేఖనంలో ఎప్పుడూ తప్పులే. మా తరగతి ప్రక్కన రోడ్డు. పత్తి లారీలు పోతూ ఉండేవి. "అందరికీ వినిపిస్తుంటే నీకేం వచ్చింది?" అని అతన్ని ఎన్నోసార్లు బెంచీ ఎక్కించాను. మరుసటి ఏడు మరొక మాస్టారు అతన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టారు. తప్పులు సగానికి సగం తగ్గిపోయాయి. ఆ కుర్రాడికి ఒక చెవి సరిగా వినబడదని అప్పుడు తెలిసింది. నేను చేసింది పొరపాటని అతనితో అనలేదు. పెద్దవాణ్ణి, మాస్టారిని, ఎలా అంటాను అనుకున్నాను. తరువాత అతను ఊరు విడిచి వెళ్లిపోయాడు.

"దీనికి ఎవరు చెబుతున్నారు?" అని మా మనవరాలు పెట్టెను గురించి అడిగిన ప్రశ్నే, ఆనాడు నేను ఆ కుర్రాణ్ణి గురించి అడగవలసింది. అడగలేదు. అందుకే ఇవాళ మీతో చెబుతున్నాను.

మీరూ మీ ఇంటి పటం గీయండి. ప్రతి గదిలోనూ మూడేసి సార్లు కొలవండి. వేగం ఎక్కడ ఒక్కసారిగా పడిపోతున్నదో చూడండి. అక్కడ ఏ వస్తువు అడ్డమున్నదో వెతకండి. పెట్టెను ఆ అడ్డుకు ఇవతల, మాట ఇంకా బాగా అందే చోట నిలపండి.

మీ తరగతిలో ఎవరైనా తప్పులు రాస్తుంటే, ముందు "నీకు వినబడుతున్నదా?" అని అడగండి. అవసరమైతే మీ చోటు వాడికిచ్చి, మీరు వెనక బెంచీలో కూర్చోండి.