చదవడానికి ఇంకేమైనా ఉందా?

మైలుతుత్తం కలిపి ఉడికించిన మైదా జిగురుకు ఒక వాసన ఉండేది. అద్దె పుస్తకాల షాపులోకి తల పెట్టగానే ముందు అదే తగిలేది, తర్వాత కలరా ఉండల ఘాటు, ఆ తర్వాత పాత న్యూస్‌ప్రింటుది, వానాకాలంలో మరికాస్త పుల్లగా అనిపించే ఒక తడి వాసన. పురుగు పట్టకుండా తుత్తం కలిపిన ఆ జిగురుతోనే కొత్త నవలకు దళసరి అట్ట వేసి, పైన ఖాకీ కాగితం అంటించి, వీపు మీద గుడ్డముక్క పెట్టి, నల్లసిరాతో పేరూ నంబరూ రాసి అరలో నిలబెట్టేవాళ్ళు. బాపు వేసిన ముఖచిత్రం ఆ ఖాకీ కింద ఇక ఎప్పటికీ కనపడకుండా పోయేది. యద్దనపూడి సులోచనారాణి, మధుబాబు, రావిశాస్త్రి, అందరూ ఒకే రంగులో వరసగా ఉండేవాళ్ళు. కాబట్టి అరల వంక చూసి పుస్తకం ఎంచుకోవడం కుదిరే పని కాదు. అడగాలి. పెద్దలైనా పిల్లలైనా ఆ గుమ్మంలో అనే మొదటి మాట అదే, చదవడానికి ఇంకేమైనా ఉందా అండీ అని.

మా ఊళ్ళో బస్టాండు వెనక, సైకిలు షాపుకీ ఇస్త్రీ బండికీ మధ్య కొట్టు పెట్టుకున్న ఆయన దానికి వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు మనం తెచ్చిన పుస్తకం తీసుకుని, చివరి పేజీలు ఉన్నాయో చిరిగాయో చూసి, పొడుగాటి లెడ్జరులో మన మెంబరు నంబరున్న పేజీ తిప్పి, పట్టుకెళ్ళిన తేదీకీ ఇవాళ్టికీ మధ్య ఎన్ని రోజులో వేలితో లెక్క పెట్టేవారు. లెక్క అద్దె కోసమే, రోజుకు పావలా చొప్పున. కానీ ఆ లెక్కలోనే ఆయనకు చదివేవాళ్ళ సంగతంతా తెలిసేది. ఒక్క రాత్రిలో ముగించి తెల్లారేసరికి తెచ్చిచ్చినవాళ్ళెవరు, నాలుగు రోజులు ఉంచుకుని కూడా మధ్యలో గడ్డిపరక పెట్టి అక్కడే వదిలేసినవాళ్ళెవరు, అద్దె పెరుగుతున్నా ఇవ్వబుద్ధి కాక అట్టిపెట్టుకున్నవాళ్ళెవరు, అన్నీ ఆ పేజీలోనే. ఆ షాపులో ఉన్నవన్నీ ఆయన చదివారని నేననుకోను. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్‌లు తప్ప మరేదీ ఆయన చేతిలో తెరిచి ఉండగా చూడలేదు. ఆయన చదివింది పుస్తకాలను కాదేమో, తిరిగొచ్చిన పుస్తకాలను. వరసగా షాడో నవలలు పట్టుకెళ్ళే కుర్రాడికి ఒకరోజు అడక్కుండానే నండూరి రామమోహనరావు తెలుగు చేసిన కాంచనద్వీపం ఇచ్చి, దీన్ని రేపే తేనక్కర్లేదులే అనేవారు. ఇంటి దగ్గర్నుంచి పిల్లల చేతికి చీటీ రాసి పంపే గృహిణులుండేవాళ్ళు, యద్దనపూడిది కొత్తదుంటే పంపండి, లేకపోతే మాదిరెడ్డి సులోచనది, అదీ లేకపోతే మీ ఇష్టం అని. మీ ఇష్టం అన్న ఆ చివరి మాట కోసమే ఆయన ఎదురు చూసేవారనిపిస్తుంది నాకిప్పుడు, అలాంటి చీటీ వచ్చిన రోజునే వాసిరెడ్డి సీతాదేవి మట్టిమనిషి ఆ ఇంటికి వెళ్ళేది, రంగనాయకమ్మ వెళ్ళేది, ఎప్పుడైనా కొడవటిగంటి కుటుంబరావు చదువు కూడా వెళ్ళేది.

ప్రభుత్వ శాఖా గ్రంథాలయంలో ఇంకో రకం. అక్కడ చెప్పేది మనిషి కాదు, తేదీ చీటీ. పుస్తకం వెనక అట్ట లోపల అంటించిన ఆ కాగితం మీద ఊదారంగు సిరాతో తేదీల ముద్రలు వంకరటింకరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి. ముద్రలు కిక్కిరిసి, చీటీ మీద మరో చీటీ అంటించి ఉంటే ఆ పుస్తకాన్ని ఊరు ఊరంతా చదివిందన్నమాట. ఏళ్ళ తేడాతో రెండే రెండు ముద్రలున్న పుస్తకం ఇంకా ఆసక్తిగా ఉండేది, ఎవరా ఇద్దరు అని. బుచ్చిబాబు చివరకు మిగిలేది నాకు అలాంటి చీటీతోనే దొరికింది. మార్జిన్లలో పెన్సిలు రాతలు, తప్పక చదవండి అని ఒకరు, ఏముంది ఇందులో అని కింద ఇంకొకరు, నీకు అర్థం కాలేదు అని మూడో చేతిరాత. డిటెక్టివ్ నవలల్లో ఇరవయ్యో పేజీకే హంతకుడి పేరు చుట్టూ సున్నా చుట్టి పెట్టే దుర్మార్గులూ ఉండేవాళ్ళు. ఎవరినీ ఎవరూ చూడరు, అయినా చదవబోయేవాడికి ముందు చదివినవాడి చేయి తగిలేది.

ఇళ్ళల్లో అయితే బైండు పుస్తకాలు. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలను వారం వారం జాగ్రత్తగా చింపి, ట్రంకు పెట్టెలో పరుపుల కింద దాచి, అయిపోయాక దబ్బనంతో కుట్టించి అట్ట వేయించేవాళ్ళు. తులసిదళం ఆంధ్రభూమిలో వస్తున్న రోజుల్లో పేపరు అబ్బాయి ఒక వారం వేయకపోతే ఆ వారం పేజీల కోసం వీధి వీధంతా వాకబు చేయడం నాకు గుర్తుంది. దొరక్కపోతే కథలో ఆ ఖాళీ అలాగే ఉండిపోయేది, అక్కడ ఏం జరిగిందో పక్కింటి పిన్నిగారు నోటితో చెప్పి పూడ్చేవారు. కథ పేజీ వెనకపక్క సగం కోసుకుపోయిన కార్టూనో, తలనూనె ప్రకటనో, ఇంకెవరిదో సీరియల్‌లో ఒక వాక్యం తోకో ఉండేది. ఆ బైండు పుస్తకాలు పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు చేతులు మారి జిల్లాలు దాటేవి, వేసవి సెలవుల తర్వాత ఎవరి సంచిలోనో తిరిగొచ్చేవి, కొన్ని తిరిగి రావు. ఇవ్వడమంటే అక్కడ సిఫారసు చేయడమే, ఇది చదువు అని వేరే చెప్పక్కర్లేదు.

అచ్చులో ఆ పని చేసినవాళ్ళలో మాలతీ చందూర్ గారిని తలుచుకోవాలి. స్వాతి మాసపత్రికలో పాత కెరటాలు పేరుతో ప్రపంచంలో ఎక్కడెక్కడి నవలలనో తీసుకుని, కథంతా పూసగుచ్చినట్టు చెప్పి, రచయిత జీవితం చెప్పి, మన వంటింటి భాషలో ఆ మనుషుల కష్టసుఖాలు చెప్పేవారు. ఇంగ్లీషు రాని ఎంతోమంది ఆడవాళ్ళకు అన్నా కరెనినా, మేడమ్ బావరీ లాంటి పేర్లు చుట్టాల పేర్లయ్యాయి. మూలం చదవకుండా కథ తెలుసుకోవడం ఏం చదవడం అన్న ఆక్షేపణ అప్పుడూ ఉంది, దానిలో కొంత నిజమూ ఉంది. కానీ ఆ ఇళ్ళకు మూలం ఎలాగూ వచ్చేది కాదు.

పుస్తకమే మనిషి దగ్గరికి నడిచొచ్చిన కాలం మాకు ముందుది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టించి ఊరూరా రేవుల్లో ఆపించారు. వట్టికోట ఆళ్వారుస్వామి సికింద్రాబాదులో 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తాను వేయించిన పుస్తకాలను తానే మోసుకుని ఊళ్ళు తిరిగారు, నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం చేతిలో పెట్టడమే ఒక సాహసమైన రోజుల్లో. ప్రజల మనిషి రాసింది ఆయనే. మా తరానికి దక్కింది విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాను. అది ఊళ్ళోకొచ్చి ఆగిన సాయంత్రం, మాస్కో నుంచి వచ్చిన పుస్తకాలు బరువుగా, గట్టి అట్టలతో, ఇక్కడి అచ్చుకు లేని ఒక సిరా వాసనతో ఉండేవి, ధర చూస్తే నమ్మబుద్ధయ్యేది కాదు. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్ళు అక్కడే ఉండి తెలుగు చేసినవి. వ్యానులో కూర్చున్నాయన గోర్కీ అమ్మ ముందు చూపించేవారు, మన మొహం చూసి దాన్ని పక్కన పెట్టి, ఐత్‌మాతొవ్ జమీల్యా చేతిలో పెట్టేవారు, ఇది చిన్నది, ముందిది చదువు అని. ఎక్కడో కిర్గిజ్ స్టెప్పీలో బండి తోలుతూ పాట పాడే మనిషి, గడ్డి వాసన, యుద్ధానికి పోయిన మొగుడు, ఇవన్నీ ఎండాకాలం మధ్యాహ్నం మా పంచలోకి వచ్చి కూర్చున్నాయి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాల రాకా ఆగిపోయింది.

ఇదంతా చెబుతూ పోతే ఏదో బంగారు కాలం అన్నట్టు ధ్వనిస్తుంది, అలా అనడం అన్యాయం. చెప్పేవాడు ఒక్కడే అయినచోట వద్దనేవాడూ వాడే. చలం పుస్తకాలు తాళం వేసిన బీరువాలో ఉండేవి, మైదానం అడిగిన ఆడపిల్లకు దొరికేది ఒక చూపు, మర్నాటికల్లా ఇంట్లో ఒక కబురు. గ్రంథాలయం బల్లల చుట్టూ పేపరు చదివే మగవాళ్ళే, ఆడవాళ్ళు లోపలికి వచ్చి అరల మధ్య నిలబడి పుస్తకం తిరగేయడం చాలా ఊళ్ళల్లో చాలా కాలం జరగలేదు, అందుకే ఆ చీటీలు, ఆ పిల్లల చేతి సంచులు. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి అరలో ఉండేది, మాలపల్లె నుంచి వచ్చి పుస్తకం రాయించుకుని పట్టుకెళ్ళేవాళ్ళు కనిపించేవాళ్ళు కాదు. పెళ్ళిళ్ళకు జిల్లాలు దాటిన బైండు పుస్తకాలు కూడా ఆ పల్లె వైపు మలుపు తిరిగేవి కావు. కోస్తాలో మా షాపులో దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్ళు నేను చూసిన గుర్తు లేదు. పైగా కొట్టాయన ఇచ్చిన వాటిలో చాలా భాగం పొద్దుపోవడానికి తప్ప మరెందుకూ పనికిరానివే, ఆరడుగుల హీరోలు, కారులో దిగే రాజశేఖరాలు. ఉన్నదాంట్లోంచే కదా ఎవరైనా ఇచ్చేది.

ఇళ్ళల్లోకి టీవీ సీరియళ్ళు వచ్చాక చీటీలు తగ్గాయి. కొట్టాయన ఒక అర ఖాళీ చేసి వీడియో క్యాసెట్లు పెట్టారు, తర్వాత ఇంకో అర, కొన్నాళ్ళకు ఎస్టీడీ బూత్, ఆ తర్వాత జిరాక్సు. ఖాకీ అట్టల నవలలు గోనెసంచుల్లో తూకానికి వెళ్ళాయి. విజయవాడ లెనిన్ సెంటర్లోనో, ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీదనో ఇప్పటికీ అలాంటిది ఒకటి చేతికి తగులుతుంది, ఏ ఊరి షాపుదో రబ్బరు స్టాంపు, పుస్తకం మధ్యలో దొంగలు చింపకుండా వేసిన రెండో స్టాంపు. లెడ్జరు మాత్రం ఎక్కడా దొరకదు. ఊరు ఏ సంవత్సరం ఏం చదివి ఏడ్చిందో, ఏది సగంలో వదిలేసిందో రాసి ఉన్న కాగితం అది ఒక్కటే, అది ఏ పొట్లాలకు వెళ్ళిందో.

ఇప్పుడు అడగడం తేలిక, జవాబు రావడం ఇంకా తేలిక. అర్ధరాత్రి ఫోనులో అడిగినా వంద పేర్లు వస్తాయి. అప్పట్లో తలుపు మూసిన చోట్ల నుంచే ఇవాళ గొప్ప పుస్తకాలొస్తున్నాయి, వాటి గురించి చెప్పేవాళ్ళూ ఉన్నారు, డల్లాస్‌లో ఉన్న పిల్ల కూడా కావాలంటే ఎండ్లూరి సుధాకర్ మల్లెమొగ్గల గొడుగు సంపాదించి చదవగలదు, ఆ చలం బీరువా తాళం ఎప్పుడో తుప్పుపట్టి ఊడిపోయింది. పోయిందల్లా, ఆ పుస్తకం ఇచ్చిన మనిషి మళ్ళీ గురువారం కనిపించి ఎలా ఉంది అనడం. నచ్చలేదంటే ఆయన మొహం కొద్దిగా చిన్నబోయేది, నచ్చిందంటే లోపలి గదిలోకి వెళ్ళి ఇంకోటి తెచ్చేవారు. చెప్పిన మాటకు చెప్పినవాడు పూచీ పడేవాడు. వంద పేర్ల జాబితాకు ఆ పూచీ ఉండదు, అందుకే అందులోంచి ఏ ఒక్కటీ తెరవకుండా రోజులు గడిచిపోతాయి.

మా చెల్లెలి కూతురు బెంగళూరులో ఉద్యోగం, పదో తరగతి తర్వాత తెలుగు చదవలేదు, మొన్న ఫోన్ చేసి మామయ్యా, తెలుగులో మంచి పుస్తకం ఏదైనా చెప్పు అంది. ఈమధ్య ఏం చదివావు అంటే ఇంగ్లీషు థ్రిల్లర్లు అంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి వడ్లగింజలు పంపాను. పెద్ద కథ, పెద్దాపురం సంస్థానంలో చదరంగం ఆట, ఎత్తు మీద ఎత్తు, ఎవరు గెలుస్తారో తెలిసేదాకా కింద పెట్టనివ్వదు, పైగా ఆ మనుషుల మాటలు వింటుంటే గోదావరి జిల్లాలో అరుగు మీద కూర్చున్నట్టే ఉంటుంది. ఆదివారం ఫోన్ చేసి, శంకరప్ప సంగతి అరగంట మాట్లాడింది. దాని మీద నామిని పచ్చనాకు సాక్షిగా పంపాను, చిత్తూరు జిల్లా పల్లెలో అమ్మా కొడుకుల కథలు, మొదటి పేజీల్లో ఆ యాస అడ్డం పడుతోందంటే పైకి చదువు, చెవికి తెలిసిపోతుంది అన్నాను. చివరకు మిగిలేది అడిగింది, ఎక్కడో పేరు విన్నదట. అది ఇప్పుడు వద్దు, నెమ్మదిగా నడుస్తుంది, తెలుగు చదవడం మళ్ళీ అలవాటు పడ్డాక, నీ గురించి నీకే విసుగ్గా ఉన్న ఒక వారం చూసుకుని చదువు అన్నాను. ముందు మట్టిమనిషి. వాళ్ళ తాతగారు పొలం అమ్మి పట్నంలో ఫ్లాటు కొన్నప్పటికి ఈ పిల్ల ఇంకా పుట్టలేదు, భూమి ఒక ఇంటికి ఎలా వస్తుందో, మూడు తరాల్లో ఎలా పోతుందో సాంబయ్య చెప్పినంత వివరంగా ఆ ఇంట్లో దానికి ఎవరూ చెప్పి ఉండరు. నా దగ్గరున్న ప్రతిలో నాలుగు పేజీలు లేవు, కొత్తది కొని పంపాలి.