అట్లాంటిక్ తగవు, జమ్మికుంట పత్తి

అట్లాంటిక్ కూటమి బీటలువారుతున్నదని మా విద్యార్థి మిత్రులు కొందరు ఈమధ్య ఉత్సాహంగా మాట్లాడుతున్నారు. జమ్మికుంటలో పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి ఆ ఉత్సాహం అర్థం కాకపోలేదు. 1949 ఏప్రిల్ 4న పన్నెండు రాజ్యాలు వాషింగ్టన్‌లో సంతకాలు చేసిన నాటినుంచీ శాంతికాముకులు ఆ ఒప్పందాన్ని అనుమానంగానే చూస్తూ వచ్చారు. ఇప్పుడు దాని పెద్దదిక్కే యూరపు మిత్రులను నలుగురిలో నిలదీస్తూంటే తమాషాగా ఉండదా మరి! అయినా సంతోషించడానికి నాకు కారణం కనిపించడంలేదు.

వాళ్ళలో వాళ్ళకు తగవు కొత్త కాదు. 1956లో సూయజ్ కాలువ కోసం ఈజిప్టు మీద దండెత్తిన బ్రిటన్, ఫ్రాన్సులను అమెరికాయే మెడలు వంచి వెనక్కు రప్పించింది. 1966లో డిగాల్ ఫ్రాన్సును ఉమ్మడి సైనిక నాయకత్వం నుంచి తప్పించాడు. 2009లో ఫ్రాన్సు తిరిగి వచ్చి చేరింది. కూటమి మాత్రం నిలిచే ఉంది. నేటి తగవులోనూ ప్రశ్న కాపలా కావాలా వద్దా అని కాదు, కాపలా కూలి ఎవరిచ్చుకోవాలన్నదే. 2025 జూన్‌లో హేగ్ సభ దానికి జవాబు చెప్పింది: 2035 నాటికి ప్రతి దేశమూ తన స్థూలోత్పత్తిలో 5 శాతం; అందులో 3.5 శాతం నేరుగా సైన్యానికి. అంతకుముందున్న లక్ష్యం 2 శాతమే. అంత ఇచ్చుకోలేనని స్పెయిన్ బాహాటంగా చెప్పింది. జర్మనీ అయితే ఆ మార్చిలోనే, సైనిక వ్యయానికి అడ్డొస్తున్న అప్పుల కట్టడిని సడలించడానికి ఏకంగా రాజ్యాంగాన్నే సవరించుకుంది. దొరలు పోట్లాడుకుంటే ఆయుధాలు తగ్గుతాయనుకునే మిత్రులు ఈ అంకెలను ఒకసారి చూడాలి.

దీనితో మన పత్తి రైతుకేం పని అని అడగవచ్చు. 1861లో అమెరికా అంతర్యుద్ధంతో లాంకషైర్ మిల్లులకు దూది కరువైనప్పుడు దక్కను పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. 1865లో యుద్ధం ముగియగానే కుప్పకూలింది. ఆ సముద్రం అప్పుడూ మనకు దూరం కాదు.

2025 జూలై 27న స్కాట్లండులో యూరపు తన సరుకుల్లో చాలావాటిమీద 15 శాతం సుంకానికి తలవంచి గట్టెక్కింది. సరిగ్గా నెలకు, ఆగస్టు 27న, మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం రష్యా చమురు కొన్నందుకు శిక్ష. అంటే ఉక్రెయిన్ యుద్ధపు జరిమానా మనకూ పడిందన్నమాట. అదే రష్యా దగ్గర ఆ ఏడు కూడా యూరపు గ్యాసు కొంటూనే ఉంది, అది వేరే సంగతి!

ఆ సుంకం పూర్తిగా అమలుకు రాకముందే, ఆగస్టు 19న, మన ప్రభుత్వం విదేశీ పత్తిమీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తివేసింది. మొదట సెప్టెంబరు 30 వరకన్నారు. తరువాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మిల్లులకు ఊరట అన్నారు. నిజమే కావచ్చు. కాని మా యార్డుకు కొత్త పత్తి వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. పొడుగు పింజ పత్తికి ఆ ఏటి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే కాటన్ కార్పొరేషన్ కొనదు. అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు ఈ ప్రాంతపు పత్తి తడిసింది. తడిసిన పత్తికి మిగిలింది ప్రైవేటు వ్యాపారి ఒక్కడే. అతనికి ఆ డిసెంబరు 31 దాకా విదేశీ దూది సుంకం లేకుండా దొరికింది.