ఆ కార్డు అప్పుడే కొనకండి వదినగారూ

వదినగారూ, ఆ మునగాకు తరవాత దూసుకుందురుగాని, ఒక్క మాట వినండి. మీవాడు కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలని పేచీ పెడుతున్నాడన్నారు చూడండి, డబ్బు అప్పుడే తీయకండి. కంప్యూటర్ ఆటలో విమానం సాఫీగా వెళ్లట్లేదు, ఆగి ఆగి గెంతుతోంది అంటున్నాడు కదా. ఆ గెంతు కార్డు వల్ల వస్తోందో ఇంకెందువల్లో ముందు తేలాలి కదండీ.

వాడు ఎగరేసేది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరే, 2020 ఆగస్టులో వచ్చింది. నాకూ సాయంత్రం పూట అదే కాలక్షేపం. మన కాకినాడలో విమానాశ్రయం లేదు గనక రాజమండ్రి మధురపూడిలో లేచి, గోదావరి మీదుగా ధవళేశ్వరం దాటి, కోనసీమ చుట్టి, కోరంగి మడ అడవుల మీంచి హోప్ ఐలాండ్ దాకా వస్తాను. అవన్నీ అందులో ఎక్కణ్ణించి వచ్చాయంటారా? బింగ్ మ్యాప్స్ ఉపగ్రహ చిత్రాలు నేలంతా పరిచి, వాటిల్లో చెట్టేదో ఇల్లేదో పోల్చుకుని నిలబెట్టించారు. ఆస్ట్రియాలో బ్లాక్‌షార్క్ అనే కంపెనీ చేసిన పని అది. ఎంత గొప్ప పనో! మన లంకలూ కాలవలూ పైనుంచి చూస్తుంటే కడుపు నిండిపోతుంది. కాకపోతే ఆ చెట్లన్నీ మోయాల్సింది మన కంప్యూటరే.

సెట్టింగుల్లోకి వెళ్లి డెవలపర్ మోడ్ ఆన్ చేయమనండి. పైన ఒక మెనూ పట్టీ వస్తుంది. అందులో ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలో చూపించమంటే మూలన చిన్న పెట్టె తెరుచుకుంటుంది. దాన్లో ఉంటుందండీ అసలు సంగతి. ‘లిమిటెడ్ బై మెయిన్ థ్రెడ్’ అని ఉంటే పని ప్రాసెసర్ దగ్గర ఆగుతోందన్నమాట. అప్పుడు ఎంత ఖరీదు కార్డు తెచ్చినా పెద్దగా మార్పుండదు. టెరైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్ 200లో ఉంటే 100కి దించాలి. చుట్టూ తిరిగే విమానాల సంఖ్య తగ్గించాలి. ఎయిర్‌బస్ ఏ320 ఎక్కేవాడైతే గ్లాస్ కాక్‌పిట్ రిఫ్రెష్ రేట్ కూడా ఒక మెట్టు దించాలి. ఎదురుగా ఉన్న ఆ తెరలన్నీ క్షణక్షణం కొత్తగా గీయడం కూడా ప్రాసెసర్‌కి బరువే మరి.

‘లిమిటెడ్ బై జీపీయూ’ అని వస్తే మాత్రం కార్డుదే భారం. అయినా దుకాణానికి పరిగెత్తక్కర్లేదు. మబ్బులు అల్ట్రాలో ఉంటే హైకి దించమనండి, చూపులో తేడా పెద్దగా తెలీదు గానీ కార్డు మాత్రం ఊపిరి తీసుకుంటుంది. రెండర్ స్కేలింగ్ 100 నుంచి 80కి తెస్తే ఇంకా తేలికవుతుంది. మరీ దించితే ఎత్తు చూపించే అంకెలు అలుక్కుపోతాయి, అక్కడితో ఆపాలి.

ఒకసారికి ఒక్కటే మార్చాలండీ. అన్నీ కలిపి తిప్పేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? ఇంకో సంగతి, పోల్చుకునేటప్పుడు లైవ్ వెదర్ పెట్టుకోకూడదు. నిన్న తెరిపిగా ఉండి ఇవాళ బంగాళాఖాతంలో వాయుగుండం పడితే, గెంతు సెట్టింగుదో మబ్బులదో చెప్పలేం. మబ్బులూ వేళా స్థిరంగా పెట్టి, అదే మధురపూడిలో, అదే విమానంతో లేవమనండి.

మీవాడికి ఎఫ్‌పీఎస్ అంకె పెద్దగా కనపడాలని ఉబలాటం. కానీ అది ఒక నిమిషం 55, మరో నిమిషం 28 అయితే కళ్లకి కుదుపే. తెర 60 హెర్ట్జ్‌దైతే 30 దగ్గర కట్టేయమనండి. ప్రతి బొమ్మా తెర మీద సరిగ్గా రెండు విడతలు నిలుస్తుంది, గోదావరి మీద మలుపు తిరిగేటప్పుడు నేల సాఫీగా జరుగుతుంది.

ల్యాప్‌టాపా వాడిది? అయితే చార్జరు పెట్టే ఆడుతున్నాడా, అడగండి. బ్యాటరీ మీద కార్డు పూర్తి జోరుతో నడవదు. ఫ్యాన్లో దుమ్ము కూడా చూడమనండి, వేడెక్కిందంటే తనంతట తానే నెమ్మదిస్తుంది. ఆడి అరగంట అయ్యాకే గెంతుతోందంటే నా అనుమానం అదే. ఉన్నాడా ఇంట్లో? ఓసారి గోడ దగ్గరికి పిలవండి, ఆ పెట్టెలో ఏముందో అడుగుదాం.